టేకు చేవలో నిలిచిన వానలు

ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో సామర్లకోట చేరాడు. వైద్యం ఆయన ఉద్యోగం, మొక్కలంటే ప్రాణం. అక్కడ తోట వేశాడు. మద్రాసులో మొదలుపెట్టిన వాతావరణ నమోదును ఇక్కడా కొనసాగించాడు. 1789 నుంచి వానలు వరసగా ముఖం చాటేశాయి. ఉత్తర సర్కార్లు ఆకలితో అల్లాడాయి. ఇలాంటి కరువు మునుపెప్పుడైనా వచ్చిందా అన్న ప్రశ్నకు ఆయనకు పిఠాపురం సంస్థానంలో జవాబు దొరికింది. రాజుగారి తాతల నాటి కాగితాల్లో 1685 నుంచి 1687 వరకు సాగిన ఘోరమైన కరువు ప్రస్తావన ఉంది. గోల్కొండ కోట ఔరంగజేబు వశమైంది కూడా ఆ 1687లోనే.

వందేళ్ళ కిందటి కరువు గురించి రాక్స్‌బర్గ్‌కు తెలిసిందంటే, ఒక సంస్థానం కాగితాలు దాచుకోబట్టే. మరి కాగితం చేరని చోట సంగతేమిటి? ఇల్లెందు, పాల్వంచ మొదలుకొని భద్రాచలం మీదుగా చింతూరు దాకా పరుచుకున్న కోయ, కొండరెడ్డి గూడేల్లో ఏ ఏడు ఎంత వాన పడిందో రాసిపెట్టినవాళ్ళు లేరు. దేశమంతటి రుతుపవన వర్షపాతానికి శాస్త్రవేత్తలు ఆధారంగా వాడే వరస 1871 నుంచే మొదలవుతుంది. అంతకు ముందటి వానల సంగతి అడగాలంటే ఈ అడవిలో ఒక సాక్షి ఉంది. అది టేకు.

రాక్స్‌బర్గ్‌కు ఆ చెట్టు బాగా తెలుసు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి వెలువడిన ఆయన గ్రంథం మొదటి సంపుటంలోనే టేకు బొమ్మ ఉంది. రాజమండ్రికి ఎగువన గోదావరి పొడవునా ఉన్న కొండల్లో టేకు సహజంగా పెరుగుతుంది. పాతకాలంలో ఆ దుంగలను తెప్పలు కట్టి నదిలో దిగువకు వదిలేవారు. ఓడలకూ ఇళ్ళకూ గుళ్ళకూ ఆ కలప వెళ్ళింది. దానితో పాటు ఏటేటి వానల జ్ఞాపకం కూడా తరలిపోయిందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు.

వలయం ఎలా పడుతుంది

ఉష్ణమండలంలోని చెట్లలో చాలా వాటికి స్పష్టమైన వార్షిక వలయాలు ఉండవు. ఏడాది పొడవునా ఎంతో కొంత పెరిగే చెట్టుకు ఈ ఏడాదికీ పోయిన ఏడాదికీ మధ్య గీత పడదు. టేకు అలాంటిది కాదు. చలికాలం చివరి నుంచి ఆకు రాల్చడం మొదలుపెడుతుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో, తునికాకు కోసే రోజుల్లో కిన్నెరసాని అడవిలోకి వెళ్తే టేకు చెట్లు మోడుల్లా నిలబడి ఉంటాయి. అప్పుడు బెరడు కింద పెరుగుదల ఆగిపోయి ఉంటుంది. రోహిణి కార్తె ఎండలు దాటి, మృగశిరతో తొలకరి పడగానే చెట్టు మేలుకుంటుంది.

బెరడుకూ చెక్కకూ మధ్య కేంబియం అనే పలుచని కణాల పొర ఉంటుంది. కొత్త చెక్క పుట్టేది అక్కడే. పెరుగుదల మొదలైన వారాల్లో ఆ పొర పెద్ద పెద్ద నాళాలను తయారు చేస్తుంది. కొత్త ఆకులకు నీరు గబగబా అందాలి కదా! వానాకాలం సాగేకొద్దీ నాళాలు చిన్నవై, చెక్క బిగువెక్కుతుంది. వానలు వెనక్కి మళ్ళాక పని ఆగిపోతుంది. మరుసటి ఏడు మళ్ళీ పెద్ద నాళాలతో కొత్త వరస మొదలు. గట్టి చెక్క ముగిసి పెద్ద రంధ్రాలు మొదలయ్యే ఆ సరిహద్దే మన కంటికి గీతలా కనిపిస్తుంది.

టింబర్ డిపోలో అడ్డంగా కోసిన టేకు దుంగ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. అంచున పాలిపోయిన లేత చెక్క ఉంటుంది. దానికి లోపల బంగారు గోధుమ రంగులో చేవ ఉంటుంది. చేవ మీద కాస్త నీళ్ళు చల్లి వేలితో రుద్దితే వలయాలు తేటపడతాయి. ప్రతి వలయానికీ లోపలి అంచున సన్నని రంధ్రాల వరస కనిపిస్తుంది. నడిమధ్యన, చెట్టు పడుచుగా ఉన్నప్పటి వలయాలు వెడల్పుగా ఉంటాయి. బయటికి వచ్చేకొద్దీ సన్నబడతాయి. అయితే ఆ సన్నబడడం ఒక తీరుగా సాగదు. నాలుగు వలయాలు ఒక మాదిరిగా వచ్చి, హఠాత్తుగా ఒకటి రెండు దారంలా బిగుసుకుపోతాయి. మళ్ళీ వెడల్పవుతాయి. శాస్త్రవేత్తకు కావలసింది ఆ బిగుసుకుపోయిన వలయాలే.

కొండ మీద చలి, ఇక్కడ దాహం

చెట్ల వలయాలతో గతకాలపు ఉష్ణోగ్రతలు తెలుసుకున్నారని తరచూ చదువుతుంటాం. ఆ పని జరిగింది చాలావరకు ఎత్తయిన పర్వతాల మీద, ధ్రువాలకు దగ్గరి చలి ప్రాంతాల్లో. మన దేశంలో అందుకు అనువైన చోటు హిమాలయం. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన ఆర్.ఆర్. యాదవ్ బృందం పశ్చిమ హిమాలయ వృక్షాల ఆధారంగా 1698 నుంచి ఏప్రిల్, మే నెలల ఉష్ణోగ్రతల తీరును 1997లో ప్రకటించింది. ఆ తర్వాత వెయ్యేళ్ళకు పైబడిన వేసవి ఉష్ణోగ్రతల చరిత్రనూ 2011లో వెలువరించింది. లాహుల్ లోయలోని జూనిపర్ చెట్ల నుంచి ఏకంగా 1584 ఏళ్ళ వలయాల వరసను కట్టగలిగారు.

అక్కడి చెట్లు ఉష్ణోగ్రతను చెప్పడానికి, మన టేకు చెప్పకపోవడానికి కారణం ఒకటే. చెట్టు పెరగడానికి వెలుతురు, నీరు, వెచ్చదనం, పోషకాలు అన్నీ కావాలి. వాటిలో ఏది అన్నిటికన్నా ముందు కరవవుతుందో, ఆ ఏటి పెరుగుదలను అదే నిర్ణయిస్తుంది. చెట్లు పెరగగలిగే ఎత్తుకు పై హద్దున మంచు కరిగితే నేలలో నీటికి కొదవుండదు. అక్కడ కొరత వెచ్చదనానిది. వేసవి కాస్త వెచ్చగా ఉంటే వలయం వెడల్పు, చల్లగా ఉంటే సన్నం. ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం 1815లో పేలి సూర్యకాంతిని మసకబార్చినప్పుడు, మరుసటి ఏడు యూరప్, ఉత్తర అమెరికాలకు వేసవే రాలేదన్నంత చలి వేసింది. అక్కడి చల్లని ప్రాంతాల చెట్లలో ఆ చలి గుర్తు నేటికీ ఉంది.

భద్రాచలం అడవిలో వెచ్చదనానికి కొరతేముంది? కొత్తగూడెం, ఖమ్మం వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు ఎవరికీ కొత్త కాదు. ఇక్కడ చెట్టును ఆపేది దాహమే. అందుకే ఇక్కడి వలయం వెడల్పులో కనిపించేది ముందుగా వాన, నేలలో నిలిచిన తేమ. చెట్టు తనకు లేనిదాన్ని నమోదు చేస్తుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే ఏ అడవిలో ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుంది.

అలాగని ఇక్కడ వేడికి పాత్రే లేదనుకోకూడదు. ఎండ ముదిరితే నేలలోని తడి త్వరగా ఆవిరవుతుంది. ఆకుల గుండా నీరు ఎక్కువగా పోతుంది. అదే వాన పడినా చెట్టుకు దక్కేది తగ్గుతుంది. అంటే వేడి ఇక్కడ దొడ్డిదారిన వలయంలోకి వస్తుంది. అందుకే పరిశోధకులు ఒట్టి వాననే కాక, వానలోంచి ఆవిరయ్యే నీటిని మినహాయించి లెక్కగట్టే తేమ సూచికను కూడా పరీక్షిస్తారు. పూణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థకు చెందిన సోమారు రామ్, హెచ్.పి. బోర్‌గావ్‌కర్, ఎ.బి. సిక్దర్ 2008లో మధ్య భారతంలోని మూడు చోట్ల టేకు మీద ప్రకటించిన పరిశోధన ఇదే తేల్చింది. వలయాల వెడల్పును నడిపేది నేరుగా ఉష్ణోగ్రత కాదని, రుతుపవన నెలల వాన, వేళ్ళకు అందే తేమ అని వారు చూపించారు.

ఏ వలయం ఏ ఏటిది

వలయాలు లెక్కపెట్టడం చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది. కానీ ఒట్టి లెక్కను నమ్ముకుంటే దెబ్బ తింటాం. వానల మధ్యలో నెల రోజుల విరామం వస్తే టేకు పెరుగుదల తగ్గి, మళ్ళీ వానలు పడ్డాక పుంజుకుంటుంది. అప్పుడు ఒకే ఏట రెండు గీతలు పడినట్టు కనిపిస్తుంది. మరీ ఘోరమైన కరువులో చెట్టు కాండం ఒక పక్కన అసలు వలయమే పడకపోవచ్చు. ఆకులను జల్లెడలా తినేసే పురుగులు విజృంభించిన ఏడు, వానలు బాగున్నా వలయం చిక్కిపోవచ్చు.

ఈ చిక్కుకు విరుగుడు కనిపెట్టినవాడు అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఎ.ఇ. డగ్లస్. సూర్యుడి మచ్చలకూ వాతావరణానికీ సంబంధం వెతుకుతూ ఆయన చెట్ల వలయాల దగ్గరికి వచ్చాడు. ఒకే ప్రాంతంలోని చెట్లన్నిటిలోనూ సన్న వలయాలు, వెడల్పు వలయాలు ఒకే వరసలో వస్తాయని గుర్తించాడు. చెట్ల నమూనాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఆ వరసలు కలిస్తే ఏ వలయం ఏ ఏటిదో తప్పులేకుండా చెప్పవచ్చు. చిరిగిన రెండు పాత పంచాంగాల్లో ఒకదాని చివరి పేజీలూ మరోదాని మొదటి పేజీలూ ఒకటే అయితే రెంటినీ అతికించవచ్చు కదా, అలాగే ఇదీ. బతికున్న చెట్టు లోపలి వలయాలూ, పాత ఇంటి దూలం బయటి వలయాలూ కలిసే చోటు దొరికితే, ఆ దూలం వయసు మేరకు చరిత్ర వెనక్కి జరుగుతుంది. అమెరికా నైరుతి ప్రాంతపు ప్రాచీన నివాసాలు ఏ ఏట కట్టారో 1929లో డగ్లస్ తేల్చింది ఇలాగే.

మన ప్రాంతానికి ఈ కచ్చితత్వం ప్రత్యేకంగా అవసరం. మనవాళ్ళు కరువులను సంవత్సరం పేరుతో గుర్తుపెట్టుకున్నారు. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టినది నందన కరువు. 1876లో మొదలై దక్షిణాదిని ఊపేసినది ధాత కరువు. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. తరాలు మారేకొద్దీ ఏ నందన, ఏ ధాత అన్నది నోటిమాటలో కలగాపులగమవుతుంది. తేదీ కట్టిన వలయం ఆ అనుమానాన్ని తీర్చగలదు. జ్ఞాపకం మనుషుల బాధను చెబితే, వలయం ఏడాదిని చెబుతుంది. రెండూ కలిస్తేనే చరిత్ర.

నమూనా కోసం చెట్టును నరకనక్కర్లేదు. బోలుగా ఉండే బరమా లాంటి పరికరాన్ని బెరడు నుంచి నడిబొడ్డు వైపు తిప్పుతూ దించితే పెన్సిల్ కన్నా సన్నని చెక్కపుల్ల బయటికి వస్తుంది. దాన్ని కొయ్య పట్టీలో అతికించి, గరుకు కాగితంతో మొదలుపెట్టి అతి నున్నని కాగితం వరకు సాన పడతారు. నాళాలు విడివిడిగా కనిపించాక మైక్రోస్కోపు కింద ఒక్కో వలయాన్ని మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలుస్తారు. పదుల చెట్ల కొలతలను సరిపోల్చి తేదీలు కట్టాక, వయసు వల్ల వలయాలు సన్నబడే తీరును గణితంతో తీసేస్తారు. అప్పుడు మిగిలేది వాతావరణపు జాడ.

ఆఖరి మెట్టు పరీక్ష. వర్షమాపకాల లెక్కలున్న కాలాన్ని రెండు భాగాలు చేస్తారు. ఒక భాగంలో వలయాలకూ వానకూ ఉన్న సంబంధాన్ని పట్టుకుంటారు. ఆ సంబంధంతో రెండో భాగపు వానలను అంచనా కట్టి, అసలు లెక్కతో పోల్చి చూస్తారు. అక్కడ నెగ్గితేనే లెక్కలు లేని పాత శతాబ్దాల్లోకి అడుగు వేస్తారు. చెట్టు మాటను నమ్మే ముందు దాన్ని ఇంతగా నిలదీస్తారు.

టేకు ఇప్పటికే చెప్పిన సంగతులు

ఈ విద్యకు టేకు పనికొస్తుందని తెలిసి చాలా కాలమైంది. డచ్ శాస్త్రవేత్త బెర్లాగె జావా దీవిలోని టేకుతో 1514 నుంచి 1929 వరకు వలయాల వరస కట్టి 1931లో ప్రకటించాడు. మన దేశంలో పూణే సంస్థలో జి.బి. పంత్, కె. రూప కుమార్, బోర్‌గావ్‌కర్ వంటివారు, లక్నో సంస్థలో యాదవ్, ఎ. భట్టాచార్య వంటివారు ఈ దారిని విస్తరించారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ టేకుతో ఏటా జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే వానలను పంతొమ్మిదో శతాబ్దం దాకా వెనక్కి లెక్కగట్టి 2007లో ప్రకటించారు. 2010లో బోర్‌గావ్‌కర్ బృందం కేరళ టేకు నుంచి 523 ఏళ్ళ వరసను వెలువరించింది. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కిన ఎల్‌నినో ఏళ్ళలో రుతుపవనాలు దెబ్బతిన్నప్పుడు ఆ చెట్ల వలయాలు చిక్కిపోయాయని అందులో తేలింది.

అదే ఏడాది శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కుక్ నాయకత్వంలో ఆసియా అంతటా మూడు వందలకు పైగా చోట్ల సేకరించిన వలయాలతో రుతుపవన ఆసియా కరువుల పటం వచ్చింది. అందులో కనిపించిన మహా కరువుల్లో ఒకటి 1790ల నాటిది. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో కళ్ళారా చూసిన కరువు కాలం అదే. మరొకటి 1876-78 నాటిది, మన ధాత కరువు. సామర్లకోటలో ఒక మనిషి నమోదు చేసినదీ, ఊళ్ళలో నోటిమాటగా నిలిచినదీ, ఎక్కడెక్కడి అడవుల్లోనో చెట్లు దాచినదీ ఒకే సంగతి చెప్పడం చూస్తే ఈ శాస్త్రం మీద గౌరవం కలుగుతుంది.

వెడల్పు చెప్పలేని దాన్ని చెక్కలోని ఆక్సిజన్ చెబుతుంది. నీటిలో మామూలు ఆక్సిజన్‌తో పాటు కొద్దిగా బరువైన ఆక్సిజన్ కూడా ఉంటుంది. కుండపోత వానలు పడే కాలంలో వాన నీటిలో బరువైన దాని పాలు తగ్గుతుంది. గాలి పొడిగా ఉండి ఆకుల్లోంచి నీరు ఎక్కువగా ఆవిరైతే ఆకులో దాని పాలు పెరుగుతుంది. ఆ తేడా చెక్కలోని సెల్యులోజులో స్థిరపడిపోతుంది. ఒక్క వలయాన్ని లోపలి అంచు నుంచి బయటి అంచు వరకు సన్నని పొరలుగా చీల్చి కొలిస్తే, ఆ ఏట వానల మధ్య వచ్చిన విరామాన్ని కూడా పట్టుకోవచ్చని ఎస్.ఆర్. మనగవే, ఆర్. రమేశ్ తదితర శాస్త్రవేత్తలు చూపించారు. ఇలా పరీక్షించిన టేకులో బస్తరులోని జగదల్‌పూర్ ప్రాంతపు చెట్లూ ఉన్నాయి. జగదల్‌పూర్ ఇంద్రావతి ఒడ్డున ఉంది. ఆ నీరు గోదావరిలో కలిసి భద్రాచలం కరకట్టను తాకేదే.

వరద ఏడు వేరు, వాన ఏడు వేరు

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు ఎగబాకింది. 2022 జూలైలో 71.3 అడుగులు. అలాంటి ఏడు చుట్టుపక్కల టేకులో వలయం ఎంతో వెడల్పుగా ఉంటుందని అనిపించడం సహజం. కానీ 1986లో దేశం మొత్తం మీద రుతుపవన వర్షపాతం సగటుకన్నా తక్కువే. మరుసటి ఏడు 1987 మరింత కరువు. ఆ మహా వరద కొన్ని రోజుల్లో ఎగువన కుమ్మరించిన వానల ఫలితం. చెట్టుకు కావలసింది అది కాదు. జూన్ నుంచి అక్టోబరు వరకు విడవకుండా వేళ్ళ దగ్గర నిలిచే తడి కావాలి.

ఈ తేడా తెలియడం రైతుకూ ముఖ్యమే. పత్తి, మిర్చి, వరి వేసే ఖమ్మం రైతు కూడా సీజన్ అంతా ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్న లెక్క కంటే, ఏ కార్తెలో పడిందో, ఎన్నాళ్ళు ఎడం ఇచ్చిందో చూస్తాడు. ఆ విషయంలో రైతుదీ చెట్టుదీ ఒకే దృష్టి.

బొగ్గు కాలం నాటి చెట్లు

ఈ నేలలో వలయాల కథ టేకుతో మొదలవలేదు. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు 1870ల మొదట్లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించాడు. 1889 నుంచి తవ్వకం సాగింది. కొత్తగూడెం, మణుగూరు గనుల నుంచి వచ్చే ఆ బొగ్గు పాతిక కోట్ల ఏళ్ళకు పైబడిన పర్మియన్ కాలపు గ్లోసోప్టెరిస్ అనే చెట్ల అడవులది. అప్పుడు ఈ భూభాగం గోండ్వానా ఖండంలో భాగంగా దక్షిణ ధ్రువం వైపు ఉండేది. ఆ కాలపు గోండ్వానా శిలాజ కలపలో వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ చెట్లకూ పెరిగే రుతువు, ఆగే రుతువు ఉండేవన్నమాట. అప్పటి వలయాలు చలి, చీకటి కాలాల వల్ల పడ్డవైతే, ఇప్పటి టేకు వలయాలు వాన లేని నెలల వల్ల పడుతున్నాయి.

ఒక గుండ్రటి చెక్క దాచండి

వందా నూట యాభై ఏళ్ళ వర్షపాత లెక్కలతోనే మనం చెరువులు, ఎత్తిపోతల పథకాలు, ఆనకట్టలు, పంట బీమాలు ఆలోచిస్తున్నాం. 1685 నాటిలా మూడేళ్ళు వరసగా వాన మొహం చాటేస్తే ఏమవుతుందో ఆ లెక్కలు చెప్పలేవు. అలాంటివి ఎన్నాళ్ళకోసారి వస్తాయో, ఎంత కాలం ఉంటాయో తెలియాలంటే మూడు, నాలుగు వందల ఏళ్ళ వరస కావాలి. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో, ఇప్పటి మార్పు పాత ఒడిదొడుకులకు లోబడినదా, దాటిపోయిందా అని తేల్చడానికీ అదే కొలబద్ద.

ఆ వరసకు కావలసిన కలప మన కళ్ళముందే చేజారుతోంది. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 150 అడుగులు. కూనవరం, వి.ఆర్. పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ముంపు పడే నేలలు 2014 వరకు ఖమ్మం జిల్లాలోనివే. ఊళ్ళు ఖాళీ చేసేటప్పుడు పాత ఇళ్ళ టేకు దూలాలు, గుమ్మాలు, స్తంభాలు అమ్ముడుపోయి కొత్త ఫర్నిచర్‌గా మారిపోతాయి. డిపోలకు చేరిన పాత దుంగ రంపం కిందికి వెళ్ళాక దాని లోపలి రెండు వందల ఏళ్ళు తలుపు చెక్కలుగా, పొట్టుగా విడిపోతాయి. ఆ తర్వాత ఏ ప్రయోగశాలా వాటిని తిరిగి కూర్చలేదు.

ఇందుకోసం ఎవరూ చెట్టు కొట్టక్కర్లేదు, కొట్టకూడదు కూడా. ఏ కారణంగానైనా ముసలి టేకు కూలినా, కోత పడినా, పాత ఇల్లు విప్పినా, నాలుగు వేళ్ళ మందాన ఒక గుండ్రటి చెక్క తీసి పెడితే చాలు. బెరడు ఊడిపోకుండా చూడాలి. బెరడుంటేనే చివరి వలయం ఏ ఏటిదో కచ్చితంగా తెలుస్తుంది. చెట్టు ఎక్కడ నిలిచిందో, ఏ నెలలో కూలిందో ఒక చీటీ మీద రాసి అంటించాలి. అటవీ శాఖ డిపోలు, కొత్తగూడెం, ఖమ్మం కాలేజీల వృక్షశాస్త్ర విభాగాలు, పాఠశాలల సైన్సు ఉపాధ్యాయులు ఈ పని పంచుకోగలరు. ఏ గుట్టలో ముసలి చెట్టు నిలిచి ఉందో, ఏ ఏట నీళ్ళు ఇంకిపోయాయని తాతలు చెప్పేవారో గూడెం పెద్దలకు తెలుసు. వాళ్ళ మాట కూడా ఆ చీటీలో చేరాలి.

పూణేలో, లక్నోలో వలయాలు చదవడం వచ్చినవాళ్ళున్నారు, పద్ధతి ఉంది. వాళ్ళకు అందించాల్సింది మన నేల మీది చెక్క. పిఠాపురం సంస్థానంలో ఎవరో ఒక గుమస్తా మూడేళ్ళ కరువును రాసి పెట్టి, ఆ కాగితాన్ని పారేయకుండా ఉంచాడు కాబట్టే మూడు శతాబ్దాల తర్వాత కూడా దాని గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. రాయడం టేకు ఎలాగూ చేసేసింది. పారేయకుండా ఉంచడమే మన వంతు. ఈ వేసవిలో కోతకు వచ్చే దుంగలతోనే ఆ పని మొదలుపెట్టవచ్చు.